పెద్దవారికి ముందు బ్యాటు

విఘ్నములను తొలగించువాడును, తోచని పొద్దున తానే నాలుగు విఘ్నములను కల్పించి వేడుక చూచువాడును అగు ఏనుగుమొగము వేలుపునకు మ్రొక్కి, మాటలకు మూలమైన పలుకుతల్లికి మ్రొక్కి, అక్షరములు దిద్దించిన గురువులకును, పరదేశమున అన్నము పెట్టిన చేతులకును మ్రొక్కి, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుద్ధ అష్టమీ శుక్రవారమున, మేరువునకు పడమటి దిక్కున, లవణసముద్ర తీరమున, ఖతరు దేశమందలి దోహా నగరములో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వాడలో, మా అమ్మాయి ఇంటి వెనుకగదిలో కూర్చుండి ఈ ప్రకరణమును ప్రారంభిస్తున్నాను. సంకల్పంలో దేశం పేరు చెప్పుకోవలసి వచ్చినప్పుడెల్ల నాకు ఒక చిక్కు ఉన్నది. మా తాతగారు గోదావరికిని కృష్ణకును నడుమ అని ఒక్క ఊపులో అనేసేవారు. ఇక్కడ నదులు లేవు. రెండు రహదారుల నడుమ, పెట్రోలు బంకుకు దక్షిణ భాగమున అని చెప్పుకుంటూ నలుబది ఏండ్లకు పైగా గడిపాను. ఇంతవరకు ఏ దేవతయు ఆక్షేపించలేదు.

మొన్న మా మనవడు, తన కళాశాల జట్టు బేస్‌బాల్ ఆడుతున్నది, చూచి తీరవలసినదే అని పట్టుబట్టి నన్ను అల్ రయ్యాన్‌కు తీసుకొనిపోయాడు. పచ్చిక పరచిన మైదానం. ఆ పచ్చిక మొలచినది కాదని, అతికించినదని కాలు మోపిన తరువాతగాని తెలియలేదు. తాటిచెట్లకంటె పొడవైన దీపస్తంభాలు, వాటి నడుమ ఒక పెద్ద తెర, తెరమీద ఎవరు ముందు బ్యాటు పట్టవలెనో ఎవరు తరువాతో వరుసగా పేర్లు. మొట్టమొదట వచ్చినవానికి మీసకట్టు కూడా సరిగా రాలేదు. ఏదో పరిశోధన చేస్తున్నాడట, గడ్డం నెరసిన ఒక పెద్దమనిషి ఏడవవాడుగా వచ్చాడు. ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు గాని నేను మాత్రం కుర్చీలో ఇటునుండి అటు సర్దుకున్నాను. అంత పెద్దవాణ్ణి ఏడవచోట నిలబెట్టారేమిరా అని అడిగాను. "తాతయ్యా, ఇక్కడ ఏజ్ ఎవరు చూస్తారు? కంప్యూటర్ చెబుతుంది ఎవరు ముందో" అన్నాడు వాడు. ఎవరు చూస్తారో వాడికి వివరంగా చెప్పాలని ఇంటికి వచ్చేదాకా అనుకున్నాను. వాడు చెవులలో ఏవో పెట్టుకొని కన్నులు మూసుకున్నాడు. అందుచేత మీకు చెబుతున్నాను.

నేను ఈ దేశానికి వచ్చినప్పుడు నాకు ఇరువదిరెండేండ్లు. మా వైపు ప్రాచ్య కళాశాలలో ప్రబంధములు, వ్యాకరణము, అలంకారశాస్త్రము, కొంత తర్కము నేర్చి, వాటితో లోకంలో ఏమి చేయవలెనో మాత్రం నేర్వక బయటపడ్డాను. తెలుగు పండితుని కొలువు ఒకటి ఖాళీ అయితే వీధి చివరిదాకా పండితులు బారులు తీరే రోజులవి. మా మేనమామకు తెలిసిన ఒక పెద్దమనిషి పుణ్యమా అని దోహాలో ఒక చిన్న సాంకేతిక కళాశాలలో గుమాస్తా పని కుదిరింది. ఏమి గుమాస్తానో విమానం దిగేదాకా తెలియదు. దిగిన తరువాత తెలిసినది, ఆటసామాను గిడ్డంగికి గుమాస్తాను. ఆ గిడ్డంగిలో ఉన్న సామానంతా ఒక్క ఆటదే. శీతలయంత్రాల మరమ్మతు బోధించే వాల్టర్ గారనే అమెరికను ఉపాధ్యాయుడు తన దేశంనుండి ఒక చెక్కపెట్టె నిండా బేస్‌బాల్ బ్యాట్లు, బంతులు, తోలుతొడుగులు తెచ్చుకొని, విద్యార్థులకు వ్యాయామం అత్యవసరమని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి ఒక జట్టును పుట్టించాడు. జట్టు కొరకు గిడ్డంగి, గిడ్డంగి కొరకు నేను.

ప్రిన్సిపాల్ గారు మరలు తిరగనిచోట కాలం వ్యర్థమవుతున్నదని నమ్మినవారు. శీతకాలం రాగానే పోటీలు మొదలవుతాయనగా ఆయన అందరినీ పిలిచి, ఈ ఋతువులో ఒక్క ఆటయైనా గెలవవలెనని, గెలవకపోతే జట్టు ఉండదని, జట్టు లేకపోతే గిడ్డంగి ఉండదని శాంతంగా సెలవిచ్చారు. గిడ్డంగి లేకపోతే ఏమి ఉండదో ఆయన చెప్పలేదు. నేను చదివిన తర్కశాస్త్రం ఈ దేశంలో నాకు ఉపయోగపడిన సందర్భం అదొక్కటే. నా వీసా ఆ కొలువును అంటిపెట్టుకొని ఉన్నది. అక్కడ మా ఊరిలోనో, శాస్త్రి దుబాయిలో ఉన్నాడని చాటి (దోహా అని ఎన్ని ఉత్తరాలు వ్రాసినా వారికి అది దుబాయే) నాకొక సంబంధం కూడా ఖాయం చేశారు. పిల్ల తండ్రిగారు గుమాస్తా అని విన్నారేగాని దేనికి గుమాస్తానో అడగలేదు. ఆ విధంగా నా కొలువు, నా కాపురం, రెండూ కూడా నేనెన్నడూ చూడని ఒక ఆటలో ఒక్క గెలుపును ఆశ్రయించి నిలిచాయి.

మేము ఉండేది ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో, కళాశాలవారు సిబ్బందికని తీసుకున్న ఒక పాత విల్లాలో. ఆ ఇంటి వాసనలు నాకు ఈనాటికీ వేరువేరుగా తెలుస్తాయి. తెల్లవారకముందే గంజి పొంగిన వాసన. దాని వెనుకనే ఏలకులు వేసి నల్లగా మరగించిన తేనీటి వాసన. మేడమీద ఆరవేసిన బట్టలకు పట్టిన తడి ఇసుక వాసన. యాకూబు పూసుకునే అత్తరు, నా విభూతి, గదిలోని ఏసీ యంత్రం నుండి బొట్లుబొట్లుగా బకెట్టులోకి కారే నీటి తుప్పువాసన. ఆ ఇంటికి పెద్ద సత్యానందం గారు. నరసాపురం వైపు మనిషి, కళాశాల భోజనశాలకు ప్రధాన పాచకుడు, శుక్రవారం తెలుగు ఆరాధనలో సంఘపెద్ద. యాబది దాటిన వయస్సు, నేతికుండవంటి శరీరం, ఒక మోకాలు మాట వినదు. పొయ్యి వెలిగించేముందు కన్నులు మూసుకొని పెదవులు కదలకుండా ఒక కీర్తన పాడుకునేవారు. అన్నం ఉడికినదో లేదో చూడకుండ ఆ కీర్తన ఎన్నో చరణానికి వచ్చినదో చూచి దించేవారు. మేమందరం ఆయనను బాబాయిగారు అనేవాళ్ళం. యాకూబు మాత్రం చిచ్చా అనేవాడు. యాకూబుది జగిత్యాల. పగలు కరెంటు పనికి పోయి సాయంకాలం మా కళాశాలలో చదివేవాడు. ఇంటిలో అందరికంటె చిన్నవాడు, అందరికంటె నోరున్నవాడు.

ఆ ఇంటిలో సర్వమూ వయస్సు వరుసన నడిచేది. ఉన్నది ఒక్క స్నానాలగది. ముందు బాబాయిగారు, ఆయన వెనుక వెల్డింగు నేర్పే మేస్త్రీ, ఆ వెనుక వడ్రంగి, చిట్టచివర యాకూబు, వాడికి నీళ్ళు మిగిలితే. కంచాల దగ్గర అదే వరుస. నాలుగు రోజులు పాతబడి చేరే తెలుగు పత్రిక చదవడంలో అదే వరుస. ఇంటిలో ఉన్న ఒక్క పేము కుర్చీలో బాబాయిగారు లేనప్పుడు మేస్త్రీ కూర్చునేవాడు. మేస్త్రీ కూడా లేనప్పుడు కుర్చీ ఖాళీగా ఉండేదేగాని మూడవవాడు కూర్చునేవాడు కాదు. ఇది ఎవరూ విధించిన నియమం కాదు. అందుచేతనే ఎవరూ తప్పలేదు.

ఇక ఆట. చదువరులలో ఎరుగనివారికి సంగ్రహంగా చెబుతాను. నాలుగు మూలలు గల ఒక చదరం. ఒక మూల బ్యాటు పట్టినవాడు నిలబడతాడు. ఎదుటివాడు బంతి విసురుతాడు. కొడితే బ్యాటు అక్కడే పారవేసి మూలమూలకు పరుగెత్తి తిరిగి బయలుదేరినచోటికి చేరవలెను. చేరితే ఒక పరుగు. మూడు మంచి బంతులను పోగొట్టుకుంటే ఆ మనిషి పని అయిపోయినట్టు. ముగ్గురి పని అయితే జట్టు విడత ముగుస్తుంది. మా కళాశాల చిన్నది గనుక విద్యార్థులు చాలక, సిబ్బందిని కూడా కలుపుకోవడానికి పోటీలవారు దయతలిచారు. తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిమి ఊళ్ళలో క్రికెట్టు ఆడి పెరిగినవాళ్ళమే. అందుచేత మొదటి దినాలలో బ్యాటు పారవేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. చేతిలోని సామాను కింద పడవేసి పరుగెత్తడం మాకు దొంగల లక్షణంగా తోచేది. పైగా ఆ సామానుకు లెక్క చెప్పవలసినవాడను నేను. బ్యాటు పుచ్చుకొనే పరుగెత్తి, మూల చేరగానే దానిని నేలకు తాకించి, వాల్టర్ గారి ముఖంలో సంతోషం కొరకు వెదికేవాళ్ళం. తొమ్మిదవవారైన బాబాయిగారు క్రికెట్టు కూడా ఆడినవారు కాదు. వాల్టర్ గారు ఆయనను చూచి, పాత్రలు ఎత్తి ఎత్తి బలిసిన ఆ భుజాలకు మోసపోయి చేర్చుకున్నాడు.

మొదటి పోటీనాడు వాల్టర్ గారు నాకొక అట్ట ఇచ్చి, నీ చేతివ్రాత బాగుంటుంది, మనుష్యులను నీవే ఎక్కువ ఎరుగుదువు, ఎవరి తరువాత ఎవరు బ్యాటు పట్టవలెనో వ్రాసి పెట్టుమన్నాడు. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. మొదట సత్యానందం గారు. రెండు వెల్డింగు మేస్త్రీ. మూడు వడ్రంగి. అలా దిగివచ్చి, ఎనిమిది నేను, తొమ్మిది యాకూబు. వాల్టర్ గారు అట్ట చూచి, తల గోకుకొని, నా వంక ఒకసారి చూచి, దానిని అలాగే పోటీలవారికి అందించాడు. ఆయన అందులో ఏదో ప్రాచ్యదేశపు యుద్ధతంత్రం ఉన్నదనుకున్నాడని తరువాత తెలిసినది. బలవంతులను దాచి ఉంచి శత్రువును ఏమరిపాటుకు గురిచేయడమని ఇంటికి ఉత్తరంలో కూడా వ్రాశాడట.

బాబాయిగారు బ్యాటు పట్టే పద్ధతి చూడవలసినది. నడుముకున్న వంటగుడ్డ విప్పి మడిచి నా చేతికిచ్చి, మెల్లగా నడిచి వెళ్ళి, అంపైరు గారికి నమస్కారం చేసి, బంతి విసిరే కుర్రవానికి నమస్కారం చేసి, వెనుక కూర్చుండి బంతి పట్టేవానిని భోంచేశావా బాబూ అని తెలుగులోనే పలుకరించి, బ్యాటును గరిటెవలె రెండుచేతులా పట్టుకొని కన్నులు మూసుకునేవారు. మూడు బంతులు ఆయనను దాటిపోయేవి. తెరిచిన కన్నులతో, తేటపడిన ముఖంతో వెనుకకు వచ్చి వంటగుడ్డ అడిగి తీసుకొని, మైదానం అంచున పెట్టిన భోజనపాత్రల దగ్గరికి పోయేవారు. మేస్త్రీకి దూరపుచూపు లేదు. వడ్రంగికి కోపం ఎక్కువ, బంతి రాకముందే కొట్టేవాడు. కాబట్టి మా మొదటి విడత ఏనాడైనా తొమ్మిది బంతులలో ముగిసేది. బంతిని మైదానం దాటించగల యాకూబు ఆట సగంలో ఎప్పుడో వచ్చి, ఏ మూలనూ మనవాడు లేనప్పుడు ఆకాశానికి కొట్టి, ఒంటరిగా ఒక్క పరుగు తీసుకొని వచ్చేవాడు. మేము వరుసగా ఓడిపోయాం. అయినా మాతో ఆడడమంటే మిగిలిన జట్లకు ప్రాణం. ఆట ముగిశాక ఎదుటిపక్షంవారికి కూడా చాపలు పరచి అన్నం పెట్టడం బాబాయిగారి ఆచారం. ఇంటికి వచ్చినవారు తినకుండా పోరాదట. మైదానం ఇల్లు ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు.

ఋతువులో ఒక్క ఆట మిగిలింది. అమెరికను కుటుంబాల కాలనీవారి కుర్రజట్టుతో. ఆ వారం మేడమీద నేను సంధ్య వార్చుకొని లేచేసరికి యాకూబు ఎదురుగా కూర్చుండి ఉన్నాడు.

"ఏంది పంతులూ, చిచ్చాను మొదలు పంపుడేంది? గాయన కండ్లు మూసుకొని కట్టె ఊపుతుండు. నేను ఆఖరికి వచ్చేసరికి ఖేల్ ఖతం."

పెద్దవారిని వెనుక నిలబెట్టడం ఎట్లాగన్నాను.

"బువ్వకాడ పెద్దోళ్ళు ముందు, ఒప్పుకుంట. బాల్‌కాడ గూడనా? ఈ ఆట పోతే నువ్ ఇంటికి పోతవు. నీ పిల్లనిచ్చేటోల్లకు ఏం చెప్తవ్?"

అయితే నీవే ఆయనతో చెప్పుమన్నాను.

"చిచ్చా చేతి బువ్వ తినుకుంట నేనెట్ల చెప్త? నువ్ సదువుకున్నోనివి. గుండ్రంగ తిప్పి చెప్పొస్తది నీకు."

నేను కూడా ఆ చేతి అన్నమే తింటున్నానన్న సంగతి వాడు పరిగణించలేదు. గురువారం సాయంకాలం వంటింటిలోకి వెళ్ళాను. బాబాయిగారు పెద్ద మూకుడులో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. మూడు దినాలుగా కూర్చుకున్న ఉపన్యాసం ఎత్తుకున్నాను. సూర్యుడు సర్వగ్రహాలకు పెద్దయై ఉండి కూడా తనకంటె ముందు అరుణుని పంపుతాడని. రాజు సేనకు వెనుక నిలిచి నడిపిస్తేనే సేనకు శోభయని. మాటలో ప్రధానమైన క్రియాపదం మన వాక్యంలో చివరనే నిలుస్తుందని. ఇంకా రెండు ఉపమానాలు ఉన్నవి.

"శాస్త్రిగారూ, ఉల్లిపాయలు మాడిపోతన్నాయండి. అసలు సంగతి చెప్పండి."

రేపు మీరు చివర ఆడితే బాగుండునేమో అన్నాను. గరిటె ఆగిపోయింది. ఆయన పొయ్యి తగ్గించారు. నేను మూడు తరాల మర్యాదను మూకుడులో వేసి వేయించినట్టు నిలబడ్డాను.

"ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "ఆ బంతి ఎదురొత్తంటే నాకు బయమండి, అందుకే కళ్ళు మూసుకునేది. ప్రతి శుక్రవారం చర్చిలో కూకుని, ప్రభువా ఇయ్యాల వాన కురిపించు అనేనండి నా ప్రార్థన. ఈ ఊళ్ళో వానేటండీ. మీరంతా గౌరవించి ముందెట్టారు. నేనొద్దంటే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నానండి."

ఋతువంతా మేము ఆయనను గౌరవించి ఓడిపోయాం. ఋతువంతా ఆయన మమ్మల్ని మన్నించి ఓడించారు. అసలు ఆడకుండా ఉండవచ్చునని ఆయన ఆశగా అడిగారు గాని తొమ్మిదవ మనిషి లేకపోతే ఆటే లేదు. అయితే చివరనే రాయమన్నారు. చివర అన్నమాట మేస్త్రీకి, వడ్రంగికి ఎట్లా చెప్పడమని నేను నసుగుతుంటే ఆ చిక్కు కూడా ఆయనే విప్పారు.

"వడ్డించేవోడు ఆఖర్నే కదండీ తింటాడు. నన్ను వడ్డించేవోడనుకోండి. మిగతావోళ్ళకి ఆకలిని బట్టి ఏసెయ్యండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే ఆ మాట అందరికీ చెప్పారు. ఎవరికీ అవమానం లేకుండా పంక్తి తిరగబడింది. మరునాడు నేను కొత్త అట్ట ఇచ్చినప్పుడు, మొదట యాకూబు పేరు చూచి వాల్టర్ గారు టోపీ తీసి నా చేయి పట్టుకొని చాలాసేపు ఊపాడు. నన్ను నేను నడుమ ఆరవచోట దాచుకున్నాను.

ఆనాడు మాఘ పున్నమి. శుక్రవారం మా జట్టుకు ఆట పెట్టడం ఒక జ్యోతిశ్శాస్త్రమే. ఉదయం బాబాయిగారికి, ఇంకొందరికి చర్చి. పదిన్నర మొదలు పన్నెండువరకు నాకు రాహుకాలం. ఆ పైన యాకూబుకు, మేస్త్రీకి జుమ్మా నమాజు. జుమ్మా తరువాత అందరికీ భోజనం. భోజనం తరువాత బాబాయిగారికి ఒక కునుకు. ఇవి అన్నీ పోగా మిగిలిన ఎండలో ఆడేవాళ్ళం. మైదానంలో దీపాలు లేవు. సూర్యుడు పోతే ఆట ఎంతలో ఉంటే అంతలో ఆగిపోవలెనని ఒప్పందం.

ఆనాటి ఆట మావాళ్ళదేనా అని నాకే సందేహం కలిగింది. యాకూబు మొదటి బంతినే మైదానం అవతల ఆపి ఉన్న నీళ్ళ లారీ మీదికి కొట్టాడు. వాని వెనుక కుర్రవాళ్ళు వరుసగా మూలలు చేరారు. ఎదుటివారు కూడా తక్కువవారు కాదు. మేము ఒకటి తీస్తే వారొకటి తీశారు. చివరి విడత మాది. రెండు పక్షాలూ సమానం, సూర్యుడు ఎఱ్ఱబడి వాలిపోతున్నాడు, మావాళ్ళు ఇద్దరు అప్పటికే అయిపోయారు. నా వంతు వచ్చింది. నాకు కొట్టడం రాదు గనుక కొట్టలేదు. ఆ కుర్రవాడు నాలుగు బంతులు ఎడంగా విసిరినందున నిబంధన ప్రకారం నన్ను మొదటి మూలకు నడవమన్నారు. నా తరువాత మేస్త్రీకీ అదే భాగ్యం పట్టింది. వడ్రంగి కోపంతో కొట్టినది ఈసారి బంతికి తగిలింది. మేము ఒక్కొక్క మూల జరిగాం. మూడు మూలలలో మూడు ప్రాణాలు. నేను మూడవ మూలలో, బయలుదేరిన మూలకు, అంటే ఈ ఆట భాషలో ఇంటికి, పది అంగల దూరంలో. నేను ఇల్లు చేరితే గెలుపు. అప్పుడు బ్యాటు పట్టి వస్తున్నవారు సత్యానందం గారు.

ఈ ఆటలో ఒక దయగల నిబంధన ఉన్నది. విసిరిన బంతి బ్యాటు పట్టినవాని ఒంటికి తగిలితే ఆ మనిషికి మొదటి మూల ఊరకనే ఇస్తారు. అన్ని మూలలూ నిండి ఉంటే అందరూ ఒక్కొక్క మూల జరగవలసి వస్తుంది. బాబాయిగారు అంపైరుకు నమస్కరించారు, కుర్రవానికి నమస్కరించారు, కన్నులు మూసుకున్నారు. రెండు బంతులు దాటిపోయాయి. మూడవ బంతి చేయి జారి లోపలికి వచ్చి ఆయన కుడి మోచేతికి తగిలింది. కొబ్బరికాయ పగిలినట్టు ఆ చప్పుడు నా మూలకు వినబడింది. మూలలు విడిచి రావడం నిషిద్ధం గనుక అక్కడే గంతు వేశాను. నా కొలువు, నా పెళ్ళి, రెండూ నా ముందు పది అంగలలో పరచుకొని కనబడ్డాయి.

బంతి విసిరిన కుర్రవానికి పద్దెనిమిదేండ్లు ఉంటాయో లేవో. ముఖం సున్నంవలె పాలిపోయి, రెండుచేతులూ తలమీద పెట్టుకొని పరుగెత్తుకొని వచ్చాడు. బాబాయిగారు వానిని చూచి, కుడిచేతిని వీపు వెనుకకు పెట్టుకొని, ఎడమచేత్తో వాని భుజం తట్టి, ఏమీ పరవాలేదనడానికి ఈ ఊరివారు వాడే అరబ్బు మాట అన్నారు.

"మాఫీ ముష్కిల్ బాబూ, మాఫీ ముష్కిల్. నాకేం తగల్లేదు."

అంపైరుగారు ఈజిప్టు దేశపు లెక్కల ఉపాధ్యాయుడు, ధర్మాత్ముడు. బంతి పట్టేవాడు అడ్డం లేచినందున ఆయనకు కనబడలేదు. ముందుకు వచ్చి, తన మోచేయి తట్టి చూపుతూ, బంతి తగిలినదా లేదా అని బాబాయిగారినే అడిగాడు. యాకూబు అంచునుండి తగిలింది చెప్పు చిచ్చా అని అరుస్తున్నాడు. బాబాయిగారు ఒకసారి ఆ కుర్రవాని ముఖం చూశారు.

"నో సార్. నో టచ్."

దీనిని అబద్ధమంటే మా వైపువారు ఎవరూ ఒప్పుకోరు. పెళ్ళిపందిట్లో ఒకడు మన కాలు తొక్కితే, తొక్కినవాడు నోరు తెరిచేలోగానే, పరవాలేదండీ నా కాలే అడ్డం వచ్చింది అని మనం అంటాం. వేడి పులుసు వడ్డించేవాని చేయి వణికి మన చేతిమీద పడితే చల్లగానే ఉన్నదంటాం. నొప్పి మనది, సిగ్గు ఎదుటివానిది. రెండింటిలో సిగ్గుకే ముందు మందు వేయవలెనని మమ్మల్ని పెంచారు. ఈ సంగతి బేస్‌బాల్ నిబంధనలు వ్రాసినవారికి తెలియదు. తగలలేదన్నారు గనుక ఆట సాగవలెనని తీర్పు. తరువాతి బంతికి బాబాయిగారు బ్యాటు ఎత్తబోయారు, చేయి లేవలేదు. బంతి దాటిపోయింది. విడత ముగిసింది. సూర్యుడు అస్తమించాడు.

అప్పుడే తూర్పున పున్నమి చంద్రుడు లేచాడు. నేను అంపైరుగారి దగ్గరకు పరుగెత్తి, ఇటువంటి వెన్నెలలో మా కవులు దండయాత్రలే నడిపించారని, ఒక్క విడత ఆడించుమని వేడుకున్నాను. ఆయన నా వంక జాలిగా చూచి సమానమని వ్రాసుకున్నాడు. గెలుపు కాదు, ఓటమి కాదు.

చాపలు పరిచారు. బాబాయిగారు గరిటె యాకూబు చేతికిచ్చి తాను ఒక మూలన కూర్చున్నారు. వడ్డించవలసిన పంక్తిలో ఆయన కూర్చోవడం మేము అంతకుముందు చూడలేదు. యాకూబు గరిటె పెట్టివేసి ఆయన ముందు గొంతుకూర్చున్నాడు.

"చిచ్చా, చెయ్యి చూపియ్." మోచేయి పెద్ద వంకాయంత అయి ఉన్నది. "మరి తగల్లేదంటివి?"

"ఆ పిల్లోడి మొహం చూశావా? ఏడ్చేత్తాడనిపించిందిరా."

"గిప్పుడు పంతులు ఏడుస్తడు."

బాబాయిగారు నా వైపు తిరిగారు. ఆ క్షణం వరకు ఆయనకు నా సంగతి స్ఫురించలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. "మీరు ఆ మూల్లో ఉన్నారని మర్చిపోయానండి శాస్త్రిగారూ. ఎదురుగా ఉన్నోడే కనిపించాడండి" అన్నారు. నేను పరవాలేదండీ అన్నాను. అనక ఏమనగలను? నన్ను పెంచినది కూడా ఆ పందిళ్ళే. కాస్త దూరంలో ఆ కుర్రవాడు నిశ్చింతగా మూడవసారి అన్నం పెట్టించుకుంటున్నాడు.

మొన్న అల్ రయ్యాన్‌లో మా మనవని జట్టులో ఒకనికి చొక్కా అంచు బంతికి తగిలీ తగలనట్టు తగిలింది. వాడు భుజం పట్టుకొని నేలమీద దొర్లి, లేచి, చప్పట్ల నడుమ నవ్వుతూ మొదటి మూలకు పోయాడు. ఇదేమిరా అంటే, రూల్ ఉన్నప్పుడు వాడుకోవాలిగా తాతయ్యా అన్నాడు మనవడు. వానిని కాదనే ధైర్యం నాకు లేదు. వాళ్ళు గెలిచారు, కంప్యూటరు వేసిన వరుస మేము వేసిన వరుసకంటె మేలైనదనడానికి మా ఋతువంతా సాక్ష్యం. కాని ఆట ముగియగానే రెండు పక్షాలవారూ ఎవరి బస్సు వారు ఎక్కి వెళ్ళిపోయారు. ఎదుటివాని పేరైనా మనవానికి తెలియదు. నేను ఆనాటి ఆ కుర్రవాని పేరు ఎరుగుదును, వానికి పప్పులో కారం తక్కువ ఉండవలెననీ ఎరుగుదును. ఈ రెండింటిని ఏ తక్కెడలో తూచవలెనో నేను చదివిన అలంకారశాస్త్రంలో లేదు.

శనివారం ఉదయం సత్యానందం గారు చర్చికి మాత్రమే తొడిగే కోటు భుజాన వేసుకొని, నా ఉత్తరీయంతో చేతిని మెడకు వేలాడగట్టుకొని ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళారు. ముందు తాను అంపైరుతో నిజం చెప్పలేదని చెప్పారట. సమానమని వ్రాసినది సమానమేనని, ఇక మార్చడం కుదరదని ప్రిన్సిపాల్ గారు అన్నారట. అయితే ఈ చేతితో తాను బియ్యం బస్తాలు దించుకోలేనని, సరుకులు చూచుకోవడానికి తనకొక మనిషి కావలెనని, ఆ మనిషి ఎవరో కూడా చెప్పి, బదులు వచ్చేదాకా అక్కడే నిలబడ్డారట. వండవలసినవారు ఆ గదిలో ఉండగా, భోజనాల గంట కొట్టవలసిన వేళ దాటినా కళాశాలలో గంట మ్రోగలేదు.

మాఘ బహుళ విదియ, ఆదివారమున ప్రిన్సిపాల్ గారు బేస్‌బాల్ జట్టును రద్దుచేసి గిడ్డంగికి తాళం వేయించారు. తదియ, సోమవారమున నేను భోజనశాలలో సరుకుల గుమాస్తాగా చేరాను. సత్యానందం గారి మోచేతి వాపు దిగేవరకు చేపల పులుసులో గరిటె నేనే తిప్పాను.